పసుపుగుడ్డలో ఇటలీ దీపం

వారం రోజులుగా మా అక్కకు కంటిమీద కునుకు లేదు. ఓడల్లో కరెంటు పని చేసిన మా బావ ఎప్పుడో ఇటలీ నుంచి తెచ్చిన గాజు టేబుల్ ల్యాంపు ఒకటి ఆమె మంచం పక్కన ఉండేది. నిరుడు బావ పోయినప్పటి నుంచీ అది తెల్లవార్లూ వెలగాల్సిందే, లేకుంటే ఆమెకు నిద్ర పట్టదు. అది కాస్తా చిటపటమని ఆరిపోయింది. చిత్తూరులో చూపించిన ఇద్దరు రిపేరువాళ్లూ గాజు పగిలితే మా పూచీ లేదని చేతులెత్తేశారు. తిరుపతిలో పాత దీపాలు బాగుచేసే అంగడి ఉందని విని నేను తీసుకుపోతానన్నాను. గాజు ఊదే వీడియోలు నాలుగు చూసినవాణ్ణి కదా, ఈ విషయంలో జిల్లాలోనే నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

పొద్దున్నే అక్క ల్యాంపును దుప్పట్లో చుట్టి, చేతికందిన పసుపుగుడ్డతో పైన మూట కట్టింది.

"పైలంగా ఎత్తుకోని పో. యాడా కింద పెట్టొద్దు. నువ్వు మాటల్లో పడితే నీకు ఒళ్లు తెలీదు" అంది.

ఆరున్నర బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని మూటను ఒళ్లో పెట్టుకున్నాను. పక్కాయన నన్ను చూసి చెప్పులు విప్పి సీటు కిందికి తోసి, కాళ్లు ముడుచుకున్నాడు. కండక్టరు టికెట్టు ఇస్తూ కొంచెం వంగాడు. నా ముఖంలో పాండిత్యం కనబడుతోంది కాబోలు అనుకున్నాను.

పూతలపట్టులో ఒక ముసలమ్మ ఎక్కింది. మూటను తాకి కళ్లకద్దుకుంది.

"పెద్ద మొక్కే మొక్కుకున్నట్టుండావే నాయనా. ఎవురికి బాగలేదు?"

అప్పుడు వెలిగింది నాకు. కొండకు మొక్కుకున్న ముడుపును పసుపుగుడ్డలోనే కడతారని మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. కాదని చెప్పాల్సింది. కానీ నిలబడ్డవాళ్లు కూడా మూటకు మోచేయి తగలకుండా ఎడంగా జరుగుతున్నారు. ఆ మర్యాద వదులుకోబుద్ధి కాలేదు.

"మా అక్కకు. నిద్ర పట్టదు" అన్నాను. అబద్ధమైతే కాదు.

చంద్రగిరి దగ్గర ఆటో అడ్డమొచ్చి డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేశాడు. చుట్టూ ఉన్న చేతులన్నీ మూటమీద పడ్డాయి. నన్ను పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. నుదురు పోయి ముందు సీటు కడ్డీకి కొట్టుకుంది.

"ముడుపుకేం కాలేదు గదప్పా?" అని కండక్టరు అడిగాడు.

బొప్పి తడుముకుంటుంటే సిగ్గేసింది. "ఇది ముడుపు కాదమ్మా, గాజుదీపం. ఇది వెలగకుంటే మా అక్క నిద్రపోదు" అని ముసలమ్మకు చెప్పేశాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "దీపమైతే మాత్రం? పగిలితే మీయక్కకు నిద్రొస్తాదా? గట్టిగా పట్టుకో" అంది. తిరుపతి వచ్చేదాకా తన చెయ్యి మూటమీద నుంచి తీయలేదు.

బస్టాండులో ఇడ్లీ తిని, మూట ఒక చేత్తో, చట్నీ ఒక చేత్తో నానా తంటాలు పడి, పదింటికి గాంధీరోడ్డు వెనక సందులోని అంగడికి చేరాను. అంగడాయన ఖాదర్ భాయ్. ల్యాంపును బల్లమీద పెట్టగానే నేను మొదలుపెట్టాను. పుట్టగొడుగులాగా ఉన్న గొడుగూ కాండమూ అతుకు లేకుండా ఒకే గాజు అన్నాను. కరిగిన గాజు ముద్దకు తెల్లగాజు తీగలు అంటించి, గొట్టంతో ఊదుతూ తిప్పితే ఆ తెల్లగీతలు మెలికలు తిరుగుతాయన్నాను. కొంచెం ఒక పక్కకు ఒరిగింది చూశారా, అచ్చు పోసినదైతే ఒరగదు, అంచు దగ్గర బుడగ కూడా చేతిపనికి సాక్ష్యమే అన్నాను.

"బాగుండాది సార్. కొంచెం ఎలుతురుకు అడ్డం జరగండి, హోల్డరు కాలిపోయిండాది" అన్నాడాయన.

హోల్డరు, వైరు మార్చి, వేడెక్కని పసుపుబల్బు పెట్టి వెలిగించాడు. గాజంతా తేనెరంగుకు తిరిగింది. ఈసారి ఆయన చెప్పకుండానే నేను ఒకడుగు పక్కకు జరిగాను.

రెండున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. అదే పసుపుగుడ్డ, అదే మూట, అదే నేను. కానీ కొండవైపు నుంచి ముడుపు వెనక్కి రాదు కదా, ఎవరూ లక్ష్యపెట్టలేదు. ఒకాయన దానిమీద ఉల్లిపాయల సంచి పెట్టబోయాడు. చిత్తూరు దాకా దానిమీద గొడుగులాగా వంగి కూర్చున్నాను. గాజు తీసుకుని బయల్దేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే, ఎంత తెలుసన్నది పక్కన పెట్టి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి.

సందెవేళ అక్క మంచం పక్కన పెట్టి స్విచ్చి వేశాను. అక్క ఒక తెల్లగీత వెంట కిందినుంచి పైదాకా వేలు పోనిచ్చింది.

"మీ బావ కూడా ఇట్లే ఒళ్లో పెట్టుకోనే వచ్చినాడు" అని మంచంమీద ఒక పక్కకు వాలింది.

నాకు అంతకంటే అదను దొరుకుతుందా. తిప్పడం ఒక్క క్షణం ఆపితే గాజు జారిపోతుందని, ఊపిరి ఎక్కువైతే పలచబడుతుందని, కొలిమికీ బల్లకూ మధ్య ఎన్నిసార్లు తిరగాలో చేతులు తిప్పి మరీ చూపించాను. బుడగ దగ్గరికొచ్చి "ఇది చూడక్కా" అని తిరిగేసరికి అక్క నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక పెడుతూ.

నా మాటల మధ్యలో ఒకరు నిద్రపోతే నాకు సంతోషం కలగడం అదే మొదటిసారి. గొంతు బాగా తగ్గించి, మిగిలింది కూడా చెప్పేశాను.