గాజు మూత మీద గీతలు

ఆ వీధిలో ఆమెను అందరూ కళ్ళజోళ్ళక్క అంటారు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని, అరగదీసిన అద్దాలను చట్రాల్లో బిగించే పని ఆమెది. ఆవగింజంత మరలతో పొద్దస్తమానం కుస్తీ పట్టిన మనిషి ఇంటికొచ్చి కాళ్ళు బారజాపుకుని పడుకోవాలా వద్దా? ఈవిడ మాత్రం రోబో బొమ్మలు ముందేసుకుని కూర్చునేది. లారీలా ఉన్నదాన్ని విప్పి, తిప్పి, మడిచి మనిషిలా నిలబెట్టడం, మళ్ళీ ఆ మనిషిని మడిచి లారీ చెయ్యడం. నడివయసు దాటిన ఆడమనిషికి ఇదేం పిచ్చని మొహం మీదే నవ్వినవాళ్ళున్నారు. నవ్వుకుంటే నవ్వుకోనీ. ఆమె ఎవరి నవ్వునూ చెవిన పెట్టే రకం కాదు.

ఈ పిచ్చి ఆమెకు తండ్రి సెలూన్‌లో పట్టుకుంది. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన పిల్లవాడెవడో బెంచీ కింద ఒక రోబోను మరిచిపోయి వెళ్ళాడు. అది అటు లారీ కాదు, ఇటు మనిషి కాదు, మధ్యలో ఇరుక్కుపోయి ఉంది. దాన్ని విరక్కుండా ఒక దారికి తెచ్చేసరికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. బొమ్మ కోసం ఎవరూ తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఎక్కడ ఏ పాత రోబో కంటపడినా కొంగున కట్టుకుని తెచ్చుకున్నట్టే. వాటి కీళ్ళు వదులైతే రంగులేని గోళ్ళ పాలిష్ సన్నగా పూసి బిగిసేలా చేసేది. ఎప్పుడూ ఒక్క గోరుకూ రంగు వేసుకోని ఈ వదినగారికి అన్ని పాలిష్ సీసాలు ఎందుకో, కొత్తగా కాపురానికి వచ్చిన మరదలికి చాలాకాలం అంతు చిక్కలేదు.

ఆ మరదలి మొగుడే, అంటే మన కళ్ళజోళ్ళక్క తమ్ముడే, తండ్రి తరవాత సెలూన్ నడిపిన మనిషి. అతనిది ఇంకో రకం పిచ్చి. యుద్ధ విమానాలు! నిజమైనవి కాదులెండి, అరచేతిలో పట్టేవి. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒక్కొక్క ముక్కా కోసి, అతికించి, అతుకు కనబడకుండా గరుకు కాగితంతో రుద్ది, రంగులు వేసి, నీళ్ళలో నానబెట్టిన గుర్తుల స్టిక్కర్లు పట్టకారతో ఎత్తి అంటించాలి. అక్కాతమ్ముళ్ళకు దీని మీద ఎప్పుడూ వాదనే. "నీ విమానం జన్మలో ఎగరదు. నా లారీ కనీసం లేచి నుంచుంటుంది" అని ఆమె. "మడతపెట్టి విప్పడానికి అదేమైనా దుప్పటా అక్కా?" అని అతను. కోపాల్లేవు, తాపాల్లేవు. ఒకే గదిలో, ఒకే బల్లకు చెరో పక్కా కూర్చుని ఇద్దరూ తలలు నెరిసేదాకా అలాగే ఆడుకున్నారు. భర్త పోయి ఆమె పుట్టింటికి తిరిగొచ్చిన రోజున కూడా తమ్ముడు ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. బల్ల మీద తన సామాను పక్కకు జరిపి ఆమెకు చోటు చేశాడు.

చేతుల సంగతి చెప్పాలి. సెలూన్‌లో అతనిది చెయ్యి తిరిగిన పని. గెడ్డం గీస్తుంటే కుర్చీలో పెద్దవాళ్ళు నిద్రపోయేవాళ్ళు. విమానాల దగ్గరా అంతే. పైలట్ తల మీద గాజు మూత ఉంటుంది చూడండి, దాని మీద సన్నటి చట్రపు గీతలు వెయ్యాలి. అందరూ గాజుకు పట్టీలు అంటించి, రంగు పూసి, పట్టీలు లాగేస్తారు. ఇతను ఎప్పుడూ పట్టీ ముట్టుకోలేదు. ఊపిరి బిగబట్టి, బ్రష్‌తో ఒక్క లాగుడు లాగేవాడు.

ఆ కుడిచెయ్యే వణకడం మొదలుపెట్టింది. ఊరికే ఒళ్ళో పెట్టుకున్నప్పుడు బొటనవేలు కదలడంతో మొదలై, గ్లాసులో టీ తొణికేదాకా వచ్చింది. డాక్టరు దాన్ని వణుకుడు జబ్బన్నాడు. మందులతో అదుపులో ఉంటుందిగానీ పూర్తిగా పోదన్నాడు. కొందరికి ఖాళీగా ఉన్నప్పుడు వణికే చెయ్యి పనిలో పడ్డాక నిలకడగా ఉంటుందని కూడా అన్నాడు. తమ్ముడు ఆ ఆఖరి మాటను పట్టుకుని వేళ్ళాడాడు.

అయినా అతను తనంతట తానే సెలూన్ తలుపు వేశాడు. "వణికే చేత్తో మనిషి గొంతు మీద కత్తి పెట్టను" అన్నాడు. మరదలు కళ్ళొత్తుకుంది. అప్పుడు అతను అలమరా పైనుంచి ఒక పెట్టె దించాడు. ఎన్నాళ్ళుగానో దాచుకున్న పాతకాలపు యుద్ధ విమానం అది. దాని గాజు మూత మొత్తం చట్రాలే, ఎక్కడ చూసినా గీతలే.

"అక్కా, నువ్వే సాక్షి. ఈ మూత మీద గీతలన్నీ చెదరకుండా వేశానంటే మళ్ళీ కత్తి పడతాను. వెయ్యలేకపోయాననుకో, ఇక ఆ ఊసెత్తను."

"నీ బడాయీ నువ్వూనూ" అని నవ్వింది ఆమె. నవ్వుతూనే అతని కుడిచెయ్యి వైపు ఓసారి చూసుకుంది.

మధ్యాహ్నం మందు వేసుకుని అతను పడుకునేవాడు. ఆమె దుకాణం నుంచి భోజనానికి వచ్చేది అదే వేళకు. ఒకరోజు తిని చెయ్యి కడుక్కుని బల్ల దగ్గరకెళ్ళి చూస్తే విమానం రెక్క మీద జిగురుతో వేలిముద్ర పడి ఉంది. తమ్ముడి వేలిముద్ర. అతని చేతి కింద నుంచి అంత మురికి పని రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. ప్రాణం ఉసూరుమంది. గరుకు కాగితం నీళ్ళలో తడిపి ఆ ఒక్క మచ్చా రుద్దేసింది. అంతకు మించి ఇంకేం ముట్టుకోకూడదనుకుంది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి అతను కిటికీ దగ్గర విమానాన్ని పట్టుకుని మురిసిపోతున్నాడు.

"పొద్దున కంగాళీగా ఉందనుకున్నాను అక్కా. చూడు, ఆరాక ఎంత బాగా సర్దుకుందో."

రంగైనా జిగురైనా ఆరేటప్పుడు కాస్త సర్దుకుంటుందన్నది నిజమే. ఈ పని చేసేవాళ్ళందరికీ అది తెలుసు. తెలిసినందుకే అతను నమ్మాడు. ఈ పని తెలియని వాళ్ళావిడ అయితే అదెలాగని అడిగేది. ఆమె మాత్రం "అవున్రా, సర్దుకుంది" అంది. చాలాకాలం తరవాత తమ్ముడి మొహంలో ఆ వెలుగు కనబడింది మరి. ఆ ఒక్క మాటా ఆమె అని ఉండకూడదు. కానీ ఆ మొహం చూశాక ఎవరు మాత్రం ఇంకోలా అనగలరు?

ఇక అక్కడి నుంచి ఆగలేదు. రెక్కల అతుకులో సందు వస్తే పూడ్చి రుద్దింది. తోక ఒక పక్కకు ఒరిగితే ఊడదీసి నిలబెట్టింది. స్టిక్కర్లు నలిగితే అదే పెట్టెలో మిగిలినవాటితో మార్చింది. రోజూ అతను పొద్దున పాడుచేసేవాడు, మధ్యాహ్నం ఆమె బాగుచేసేది, సాయంత్రం అతను పొంగిపోయేవాడు. "చెయ్యి వణికితే వణకనీ, పనిలో పడ్డాక దారికొస్తోంది. డాక్టరు చెప్పింది నిజమే" అనేవాడు. భోజనం కూడా కాస్త ఎక్కువ తినసాగాడు. పాత కత్తుల పెట్టె తీసి తుడుచుకున్నాడు. ఆమెకు సంతోషం ఒక పక్క, భయం ఇంకో పక్క. చెప్పేద్దామని నోటిదాకా వచ్చి మింగేసుకున్న రోజులు చాలా ఉన్నాయి.

గాజు మూత వంతు వచ్చింది. అతను పొద్దున్నంతా ఊపిరి బిగబట్టి దాని మీద గీతలు వేసి, అలసిపోయి, ఎలా వచ్చాయో సరిగా చూసుకోకుండానే పడుకున్నాడు. మధ్యాహ్నం ఆమె వచ్చి చూసి కుర్చీలో కూలబడింది. గీతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, గాజంతా పిచ్చిగీతలైపోయింది. అక్కడే ఆగిపోవచ్చు. అతను లేచి చూసుకుంటే అన్న మాట ప్రకారం కత్తుల పెట్టె మూసేసేవాడు, నాలుగు రోజులు ఏడ్చేవాడు, సర్దుకునేవాడు. ఆమెకు ఆ నాలుగు రోజులు చూసే ధైర్యం లేకపోయింది. దూదిపుల్లతో రంగంతా తుడిచేసి, కళ్ళల్లో ఒత్తులు వేసుకుని, ఒక్కొక్క గీతా తన చేత్తో లాగింది. జీవితంలో ఏ పనీ ఆమె అంత శ్రద్ధగా చెయ్యలేదు.

తలెత్తేసరికి గుమ్మంలో మరదలు. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"వదినా, ఆయన పనిలో మీరేమైనా చెయ్యి వేస్తున్నారా?"

"దుమ్ము తుడుస్తున్నానమ్మా."

"అంతేనా? ఆయన మళ్ళీ కొట్టు తెరుస్తానంటున్నారు. మీకు ఈ పని తెలుసు, నాకు తెలియదు. మీరు సరేనంటే నేను ధైర్యంగా ఉంటాను."

"అంతేనమ్మా" అంది ఆమె. మరదలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం తమ్ముడు మూతను వెలుగులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకొన్నాళ్ళు ఆగరా" అంది ఆమె. "ఇంకా ఎందుకు అక్కా? నువ్వే కదా సాక్షి" అన్నాడు. రెండు మాటలు చెబితే సరిపోయేది. ఆ రెండూ చెప్పలేకపోయింది.

సెలూన్ తెరిచారు. మొదటి గెడ్డం నాదేనంటూ ఇంజన్ డ్రైవరుగారు వచ్చి కూర్చున్నారు. రైళ్ళు నడిపి రిటైరైన పెద్దమనిషి, తండ్రి కాలం నుంచీ ఆ కుర్చీ వదలని మనిషి. దుకాణానికి సెలవు పెట్టి కళ్ళజోళ్ళక్క కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది. నురగ పుయ్యడం బాగానే జరిగింది. ఒక చెంప కూడా బాగానే అయింది. ఆమె ఒకరకంగా ఆశపడింది కూడా, చెయ్యి నిజంగానే దారికొచ్చిందేమోనని. డ్రైవరుగారు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నారు. కత్తి దవడ కిందికి దిగింది. చెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది.

తెల్లటి నురగ ఎర్రబడింది. మరదలు తువ్వాలుతో పరిగెత్తుకొచ్చింది. డ్రైవరుగారు తువ్వాలు తానే నొక్కిపట్టుకుని లేచారు. "ఏం కాలేదయ్యా, కంగారుపడకు. ఈ మొహానికి ఇప్పుడు పెళ్ళిచూపులేం లేవుగా" అన్నారు. ఆస్పత్రిలో కుట్లు పడ్డాయి. ఇంకొంచెం పక్కకు తెగి ఉంటే ఏమయ్యేదో నర్సు చెప్పింది. తమ్ముడు అక్కడే నిలబడి అంతా విన్నాడు. డ్రైవరుగారిని తానే ఇంటి దగ్గర దింపి వచ్చాడు.

ఇంటికొచ్చి చొక్కా మీది రక్తం కూడా కడుక్కోకుండా తిన్నగా బల్ల దగ్గరికెళ్ళాడు. విమానాన్ని కిటికీ వెలుగులో పెట్టి, భూతద్దం తీసుకుని గాజు మూతను చూశాడు. చాలాసేపు చూశాడు. భూతద్దం చేతిలో వణుకుతోంది.

"అక్కా, ఇలా రా."

ఆమె వెళ్ళింది. మరదలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నా గీత చివరికొచ్చేసరికి కొంచెం లావెక్కుతుంది. బ్రష్ ఎత్తేటప్పుడు చెయ్యి బరువు వేస్తాను. చిన్నప్పటి నుంచీ అంతే, ఎంత ప్రయత్నించినా పోలేదు. అలమరాలో ఏ విమానమైనా తీసి చూడు. దీంట్లో ఒక్క గీతా లావెక్కలేదు."

ఆమె తల వంచుకుంది.

"చెయ్యి బాగున్న రోజుల్లో కూడా నేనింత బాగా చెయ్యలేదు. ఆ మాత్రం తట్టలేదు చూడు నాకు. ఇంకా మెరుగయ్యానేమో అనుకున్నాను."

"నీ మొహం చూడలేకపోయానురా" అంది ఆమె.

"నేను అడిగాను కదా వదినా" అంది మరదలు మెల్లగా. లోపలికెళ్ళిపోయింది.

తమ్ముడు కోప్పడలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆమె పడేది, ఏడ్చేది, తేలికపడేది. అతను విమానాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు.

"పోనీలే. నా ఆఖరిది ఇదేగా. దీంట్లో నేను చేసిందేదో చూపించు, ఒక్కటి చాలు. అది చూసుకుంటాను."

రెక్కలు అతికించింది అతనే, కానీ ఆ అతుకు పూడ్చి రుద్దింది ఆమె. తోక ఊడదీసి మళ్ళీ పెట్టింది ఆమె. చక్రాలు వంకరపోయాయని మార్చింది. స్టిక్కర్లు మార్చింది. రంగు మరకలు కనబడుతున్నాయని పైనుంచి కిందిదాకా ఇంకో పూత వేసింది. తమ్ముడు కుర్చీలో కూర్చుని, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. ఆమె విమానాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటు తిప్పింది, ఇటు తిప్పింది, వెల్లకిలా చేసి పొట్ట కింద కూడా చూసింది. వేలు పెట్టి చూపించడానికి ఎక్కడా చోటు దొరకలేదు.