బావ చేసిన ఆఖరి స్పీకర్ డబ్బా

బావ పోయాడన్న కబురు కోటగిరిలో ఉన్న నాకు ఫోన్లో తెలిసింది. చెప్పింది వాళ్ల పక్కింటి ఆటో అన్న. "చెల్లే, మీ బావ షెడ్డుల పడిపోయిండు. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పానం పోయింది. మీ అక్కకు సైగలతోని చెప్పినం, సమజైందో లేదో. నువ్వు జల్ది రా" అన్నాడు.

మా అక్క బాన్సువాడలో బీడీలు చుడుతుంది. బావ ఇంటి వెనక రేకుల షెడ్డులో పెళ్లిళ్లకీ ఊరేగింపులకీ స్పీకర్ డబ్బాలు చేసేవాడు. రెండేళ్ల కింద వచ్చిన ఒక జ్వరం అక్క వినికిడిని తీసుకుపోయింది. ఇక రాదని నిజామాబాద్ డాక్టర్లు చెప్పేశారు. చెవికి పెట్టుకునే మిషన్‌లో గరగర తప్ప ఏమీ లేదు. పాట లేనిదే చేయి ఆడని మనిషి, గోడకేసి చూస్తూ బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. బావ ఇంట్లోకి వచ్చేముందు గడప దగ్గర కాలితో నేలను తట్టేవాడు, ఆమె ఉలిక్కిపడకూడదని.

కానీ ఆమెకు ఇక పాట లేదన్నది ఆయన ఒప్పుకోలేకపోయాడు. "చెవులకెంచి పోకుంటే ఒంట్లకెంచి పోతది పిల్లా. పెద్ద చప్పుడు గాదు, లోతు చప్పుడు గావాలె" అనేవాడు నాతో. వచ్చిన పనులన్నీ పక్కన పెట్టి అక్క కోసం డబ్బా మొదలుపెట్టాడు. మొదటిది పలకలు వణికి డబడబలాడింది. లోపల అడ్డకర్రలు బిగించాడు, పాత టైరు ట్యూబు కోసి గోడలకు అంటించాడు. అగరుబత్తి వెలిగించి అతుకుల వెంట తిప్పేవాడు. పొగ చెదిరితే అక్కడ గాలి పోతున్నట్టు. రంపపు పొట్టు, జిగురు కలిపి మెత్తేవాడు. తాము పడుకునే పరుపే విప్పి దూది పరిచాడు. ఎక్కువైతే పాట గొంతు నొక్కినట్టు వచ్చేది, సగం పీకేసేవాడు. ముందు పలకకు రంధ్రం చేసి ప్లాస్టిక్ పైపు దింపాడు. పైపు పొడుగైతే చప్పుడు లోతుకు దిగుతుందట, సన్నమైతే గాలి బుస కొడుతుందట. "గాలికి తొవ్వ ఇడ్వాలె. గని దూదిని దాని నోటికి అడ్డం రానియ్యొద్దు" అనేవాడు. ఆ పైపును ఎన్నిసార్లు మార్చాడో. తిండి తగ్గింది, నిద్ర తగ్గింది, మాట కూడా తగ్గింది.

ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. బావ డబ్బా బిగించి, అక్కను పిలుచుకొచ్చి, ఆమె రెండు చేతులూ దాని మీద పెట్టాడు. అక్క తల ఊపుతూ "వస్తుందయ్యా! మంచిగొస్తుంది!" అని అరిచింది. తన గొంతు తనకు తెలియదు, ఏదన్నా అరిచినట్టే అంటుంది. బావ నా వైపు చూశాడు. ఆయన ఇంకా వైరే తగిలించలేదు.

బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. "నా కోసం అబద్దం ఆడుతుంది పిల్లా. ఇగ నేనేం జెయ్యాలె?" అన్నాడు. మంచినీళ్లిచ్చాను. తాగి, మళ్లీ పైపు కోయడానికి లోపలికి వెళ్లిపోయాడు. మా అక్కను అంతగా కావాలనుకున్న మనిషిని ఇచ్చినందుకు ఎవరికి దండం పెట్టాలో నాకు తెలియదు; తీసుకుపోయినందుకు ఎవరిని తిట్టాలో అంతకన్నా తెలియదు.

బావ పడిపోయింది కూడా ఆ డబ్బా ముందే. అక్క ఇంటి వెనక అరుగు మీద బీడీలు చుడుతోంది. మధ్యలో ఒక్క గోడ. డబ్బాలోంచి హోరు ఆగకుండా వస్తుంటే ఆటో అన్నే వచ్చి చూశాడట. నేను వెళ్లేసరికి అక్క నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "నన్ను పిల్సిండేమోనే! ఎన్నిసార్లు పిల్సిండో ఏమో!" వాకిలి నిండా మనుషులున్నారు. ఎవరేం చెప్పినా ఆమెకు వినిపించదు.

దినాలు అయిపోయిన సాయంత్రం షెడ్డు ఊడుద్దామని వెళ్లాను. అక్క అప్పటికే ఆ డబ్బా ముందు కూర్చుని ఉంది. పైపు నోటికి మొహం ఆనించి, "ఏమయ్యో!" అని పిలిచింది. డబ్బా ఆ పిలుపును లోపల తిప్పుకుని, లోతుగా, మగగొంతులా మూలిగింది. పక్క సందులో ఆటో కడుగుతున్న అన్న కూడా తలెత్తాడు.

అక్క మొహం తిప్పి, చెవిని ఆ పైపుకు ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.