ఆర్వెల్లా నీలం గిన్నె

ఆ ఆదివారం సాయంత్రం ఆర్వెల్లా వంటింట్లో స్టూలు మీద కూర్చుని బంగాళాదుంపల సలాడ్ కలిపింది. చెంచాతో కాస్త తీసి చెల్లెలి కూతురు జెనీవా నోటికి అందించింది.

"ఏం తగ్గింది?"

"ఉప్పు. తీపి దోసకాయ ఊరగాయ కూడా ఇంకాస్త పడాలి పెద్దమ్మా."

"బస్సు నడుపుకునేదానివి, నీకింత నాలుకెందుకే!" అని కసురుతూనే రెండూ వేసి, మళ్ళీ చెంచా అందించింది. జెనీవా తల ఊపాక గిన్నె మీద మూత పెట్టి, కాళ్ళు లాగుతున్నాయంటూ వెళ్ళి పడుకుంది. తెల్లవారి లేవలేదు.

మిసిసిపీ నుంచి తల్లి చెయ్యి పట్టుకుని షికాగోలో రైలు దిగిన పిల్ల ఆర్వెల్లా. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఉతికి రిటైరయింది. ఆ తర్వాత ఆమె ఉద్యోగమల్లా ఇంటి ముందు మెట్ల మీదే. రెండు తాళ్ళు తిప్పుతూ గెంతులాడే ఆడపిల్లలు లెక్క తప్పితే అక్కణ్ణించే అరిచేది. కారులో పాట మరీ మోగిస్తే చేతికర్ర ఊపేది. పంది మాంసం వేసి ఉడికించిన కాలర్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆ మెట్ల మీంచే వెళ్ళేవి.

ఆగస్టులో ఒక శనివారం వీధికి రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టి పండగ చేసుకుంటారు. ఎవరైనా ఏదైనా తేవచ్చు, బంగాళాదుంపల సలాడ్ మాత్రం తేకూడదు. ఎవరు చేశారో తెలియని సలాడ్ ఆ వీధిలో ఒక్కరూ ముట్టరు. అది ఆర్వెల్లా నీలం గిన్నెలోంచే రావాలి. గిన్నె నిండా ముక్కలు తరిగిచ్చే జెనీవాకి కూడా, నలభై దాటినా, అప్పగించే పని ఐసూ కాగితం ప్లేట్లూ తేవడమే.

ఈసారి జూలైలో చర్చిలో అందరూ సిస్టర్ అని పిలిచే మోజెల్ ఇంటి అరుగు మీద పండగ సంగతి మాట్లాడుకోడానికి అందరూ కూర్చున్నారు. గిన్నె మాట వచ్చింది.

"ఈ ఏడాదికి సలాడ్ మానేద్దాం," అంది మోజెల్. "ఆర్వెల్లా పోయింది. ఆవిడతోపాటే అదీ."

"నేను చేస్తాను," అంది జెనీవా.

"నీ ఐసు చాలా బాగుంటుంది తల్లీ. అదే పట్రా."

అందరూ నవ్వారు. జెనీవా నవ్వలేదు. "గిన్నె నా దగ్గరే ఉంది, మోజెల్ గారూ. బల్ల మీద పెడతాను. తినకపోతే ఇంటికి పట్టుకెళతాను."

"కొందరిలా ఎండుద్రాక్ష వేసి పాడుచెయ్యవు కదా? చచ్చి స్వర్గాన ఉన్నావిడని కిందికి దింపకు," అంది మోజెల్.

పండగనాడు పీపా కోసి చేసిన పొయ్యి మీంచి పంది పక్కటెముకలు కాలే పొగ వీధంతా కమ్ముకుంది. పిల్లలు వీధి కుళాయి నీళ్ళలో తడుస్తున్నారు. జెనీవా గిన్నె మధ్యలో పెట్టి పక్కన నిలబడింది. ప్లేట్లు పట్టుకుని వచ్చినవాళ్ళు వేయించిన చేప వేసుకున్నారు, మాకరోని వేసుకున్నారు, గిన్నె దగ్గరకొచ్చి, "ఎవరిదిది?" అని అడిగి, "ఓ, నీదా" అని పక్కకి జరిగారు. పైన చల్లిన ఎర్ర కారప్పొడి చెక్కు చెదరలేదు. ఆ గిన్నె అలాగే ఇంటికి వెళితే, మెట్ల మీద పెద్దమ్మ చోటు నిజంగానే ఖాళీ అయినట్టని జెనీవాకి అనిపించింది.

డామినోలు ఆడుతున్న బల్ల దగ్గర్నుంచి థర్లో లేచాడు. ఆర్వెల్లా పక్కింటి ముసలాయన. ప్లేటు నిండా సలాడే వేసుకుని, నిలబడే తిన్నాడు. మళ్ళీ వేసుకున్నాడు.

"ఏమయ్యా, బతికున్నావా?" అంది మోజెల్.

"మాట్లాడించకు. అయిపోతుంది."

మోజెల్ అనుమానంగా చెంచా కొసన తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది. "జెనీవా, నిజం చెప్పు. ఇది ఆర్వెల్లా ఫ్రీజర్లో దాచి వెళ్ళిందా?"

"బంగాళాదుంప ఫ్రీజర్లో పెడితే నీళ్ళోడిపోతుందని మీకు తెలీదూ?"

"తెలుసులే. అయినా ఇది ఆవిడదే." మోజెల్ వెనక్కి తిరిగి కేకేసింది. "పిల్లలూ, ప్లేట్లు పట్రండి!"

సాయంత్రానికి గిన్నె ఖాళీ అయింది. జెనీవా దాన్ని కుళాయి దగ్గర కడుగుతుంటే థర్లో పక్కన వచ్చి నిలబడ్డాడు.

"అన్నీ పెద్దమ్మ నేర్పినవే," అంది జెనీవా. "ప్రతిసారీ నాతో రుచి చూపించేది, ఏం తగ్గిందో చెప్పమనేది. ఎన్నాళ్ళకీ ఆ పరీక్ష పాసవ్వలేదనుకున్నాను."

"పరీక్షా?" థర్లో టోపీ తీసి తల గోక్కున్నాడు. "నీకు చెప్పలేదా? నాతో ఒట్టు వేయించుకుంది గానీ, నీకైనా చెప్పిందనుకున్నానే."

"ఏమని?"

"నీతో రుచి చూపించడం మొదలెట్టకముందు, ఒక చలికాలం మంచాన పడిందే, దగ్గూ జ్వరం. లేచాక నేనే కాఫీ కలిపిచ్చాను. నా కళ్ళ సంగతి తెలుసుగా, చక్కెర అనుకుని ఉప్పు వేశాను. కప్పు మొత్తం తాగింది. చాలా బాగుందంది."