వీపు మూసుకునే దాకా

మా జువాలజీ మేడం పోయారని మొన్న మధ్యాహ్నం వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. నేను ల్యాబులో ఉన్నాను. మైక్రోస్కోపు కింద ఈగ పిండం వీపు సగమే మూసుకుంది. ఇంకొక్క పూట ఆగి ఉండకూడదా అని ఆమె మీద కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

మీకు ఇదంతా ఒక ఈగ గోలలా ఉండొచ్చు. మార్కాపురం డిగ్రీ కాలేజీలో ఆమె మగ్గిన అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలను సీసాల్లో పెంచేవారు. వాటి గుడ్డులోని పిండానికి మొదట వీపు మీద చర్మం ఉండదు. రెండు పక్కల నుంచీ పాకి వచ్చి నడుమ కలుస్తుంది. బోర్డు మీద ఆ ఖాళీని గీసి, వేలితో సుద్ద పూసి మూసేవారు. ఆ వేలు చీరకే తుడుచుకునేవారు. అంతకు మించి చూపించే సాధనం కాలేజీలో లేదు.

గుడ్డు పైపెంకును కరిగించే బ్లీచింగ్ నీళ్లలో మా ఎండలకు పస పోయేది. అందుకని గుడ్డును టేపు మీద దొర్లించి ఆ పెంకును మాచేత సూదితో ఒలిపించేవారు. గుడ్డు చితికితే ఆ పూట మాకు టీ లేదు.

ఇప్పుడు హైదరాబాదులో నాది అదే పని. కణాల అంచులు వెలిగే ఈగలున్నాయి, ఆ వెలుగును పట్టే మైక్రోస్కోపు ఉంది. డయాలసిస్ మీద ఉన్న మేడం ఆ మధ్య ఫోన్లో అన్నారు.

"ఇన్నేండ్లు గీసినానే గానీ ఒక్కసారీ చూడలేదమ్మా. బతికున్న పిండం, వీపు మూసుకునేది చూపిచ్చు. డాక్టర్ల మాటలు నాకు అర్థమైతనే ఉన్నాయి."

అప్పటినుంచి నాకు వేరే ధ్యాస లేదు. గుడ్లు ఒలిచి, అద్దం మీద జిగురుతో అంటించి, ఎండకుండా నూనె పోసేదాన్ని. ప్రతిసారీ వీపు సగంలో ఆగి పిండం చచ్చేది. ఒకరోజు మైక్రోస్కోపు ముందే కూర్చుని బోరున ఏడ్చాను. మళ్లీ ఆమెకే ఫోన్ చేశాను. నూనె ఎంత పోస్తున్నావని అడిగారు. నిండుగా అన్నాను.

"ట్యాంకరు కోసం కాచుకునే ఊళ్లోళ్లం, ఎండిపోతుందనే భయం తప్ప మనకు ఇంకోటి తెలీదు. ముంచినావు. దానికి గాలి యాడ్నుంచి వస్తుంది?"

ఈసారి నూనె పలచగా పూశాను. ఆ పిండమే బతికింది. అది పెరుగుతుండగానే కబురు వచ్చింది.

మైక్రోస్కోపును వీడియో తీస్తూ అలాగే నడవనిచ్చి బస్సెక్కాను. మేడం వాళ్ల ఊరు బేస్తవారిపేట చేరేసరికి అంతా అయిపోయింది. కడచూపు కూడా దక్కలేదు.

తిరిగొచ్చి వీడియో చూశాను. వీపు మూసుకుంది, అతుకు కనబడనంతగా. ఇక ఎవరికి చూపించను? ఆపబుద్ధి కాక అలాగే చూస్తూ కూర్చున్నాను. పొరలోని పిల్లపురుగు కదిలింది, పొర చీల్చుకుంది, నూనెలో పాక్కుంటూ తెర అంచు దాటి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాసేపు ఖాళీ పొర ఒక్కటే మసకగా వెలుగుతూ ఉంది.