కొబ్బరాకులో ఎర్ర బంతి

మా చిన్నప్పుడు... క్రిస్మస్‌కు ముందు ఒక మధ్యాహ్నం, వసారాలో కూర్చుని ఒక రబ్బరు బంతితో కుస్తీ పడుతున్నాను. నాకప్పుడు పదేళ్లు.

ఆదివారపు బడిలో పిల్లలందరం చీటీలు తీసేవాళ్లం. ఎవరి పేరు వస్తే వాళ్లకు కానుక ఇవ్వాలి. విప్పేదాకా లోపల ఏముందో తెలియకూడదు... అదే నియమం. నాకు సుగుణ పేరు వచ్చింది. నాన్నగారు అమలాపురం నుంచి ఎర్ర బంతి తెచ్చిపెట్టారు.

పెట్టె అయితే ఎవరైనా చుట్టగలరు. బంతికి కాగితం చుడితే ఒకచోట ముడతలు, ఇంకోచోట ఖాళీ. అన్నం మెతుకులతో అంటించాను... ఊడిపోయింది. గట్టిగా లాగాను... చిరిగిపోయింది. ఇంట్లో ఉన్న రంగు కాగితం అదొక్కటే. ఏడుపు అందుకున్నాను.

పెరట్లోంచి మామ్మ వచ్చింది. నాన్నగారి అమ్మ. వయసంతా పొలాల్లో నాట్లు వేసిన మనిషి. కొడుకు బడిపంతులయ్యాక కూడా ఆవిడ చేతులు ఖాళీగా ఉండేవి కావు.

"ఏడవకే బుల్లీ... గుండ్రటిదానికి కాయితం ఎక్కడ నిలబడుద్దే? దానికి ఆకే మొగుడు!"

లేత కొబ్బరాకు తెచ్చి, ఈనెలు తీసేసి, నాలుగు పాయలతో... నేను లెక్కపెట్టాను, సరిగ్గా నాలుగే... బంతి చుట్టూ అల్లేసింది. దారం లేదు, జిగురు లేదు. చివరి పాయను ఎటు తిప్పిందో, ఎక్కడ దోపిందో, కొసను మాత్రం చిన్న తోకలా బయటికి వదిలింది.

"ఈ తోక లాగితే చాలు, పువ్వులా విచ్చుకుద్ది" అంది. అక్కడితో ఊరుకుందా... పక్కింటి మరియమ్మ పిన్నిని గోడ మీంచి కేకేసింది.

"రేపు చర్చికి బేగి రావే మరియమ్మా! ముందు చాప మీద కూర్చుందాం. మా బుల్లి కానుక విప్పేటప్పుడు చూడాలి."

"ఏంటత్తా, ఏవైనా గారడీ చేస్తున్నారా?"

"ఆయ్! గారడీయే!"

మర్నాడు చర్చి ముందు అందరి చేతుల్లోనూ మెరుపు కాగితాలు, రిబ్బన్లు... నా చేతిలో ఆకుపచ్చటి ఉండ. ఒక పిల్ల దాన్ని ఎగాదిగా చూసింది.

"ఏంటే, కానుక తెచ్చేవా, మేకకి మేత తెచ్చేవా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. తరగతిలో మొదటి మార్కు నాది. నన్ను చూసి ఎవరైనా నవ్వడం నాకు అలవాటు లేదు. ఎవరూ చూడకుండా ప్రహరీ వెనక్కి వెళ్లి, తోక పట్టుకుని లాగాను.

మామ్మ చెప్పినట్టే... నాలుగు పాయలూ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. మధ్యలో ఎర్రగా బంతి. అంత అందమైన కానుక నేను మళ్లీ చూడలేదు. అందరి ముందు జరగాల్సిన ఆ గారడీ గోడ వెనక నా ఒక్కదాని కోసం జరిగిపోయింది.

ఆకును సంచిలో కుక్కేశాను. బంతిని చేతిరుమాల్లో మూటకట్టాను.

పాస్టరుగారు నా పేరు పిలిచారు. ముందు చాప మీద మామ్మ మెడ సాచి చూస్తోంది... సుగుణ రుమాలు విప్పింది. బంతిని చూసి గంతులేసింది. మామ్మ మాత్రం బంతి వంక చూడలేదు. నా ఖాళీ చేతుల వంక చూసింది.

"గారడీ ఏదత్తా?" అంది మరియమ్మ పిన్ని.

మామ్మ అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఆకు ఎండి ఊడిపోయిందా బుల్లీ?"

"ఆయ్" అన్నాను.

"అవునే... ఎండ అలాగుంది మరి. పొద్దున్నే అల్లుంటే బాగుండేది. నాదే తప్పు."

పచ్చి కొబ్బరాకు ఒక్క రోజులో ఎండిపోదు. కోనసీమలో పుట్టిన ఎవరికైనా తెలుసు... మామ్మకు తెలియదా? నేను తల దించుకోకుండా ఆవిడే ఒక సాకు వెతికి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తీసుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆ అల్లిక నేర్పమని ఎన్నడూ అడగలేదు. అడగాలంటే ముందు ఆ మాట చెప్పాలి కదా... నేను చెప్పకముందే మామ్మ వెళ్లిపోయింది.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. మా ఇంట్లో ఎవరు కానుక చుట్టినా అంచు అర అంగుళం లోపలికి మడవాల్సిందే, టేపు మూడు ముక్కలు మించకూడదు. మొన్న మనవరాలు స్నేహితురాలి పుట్టినరోజుకని ఒక బంతి తెచ్చి నా ముందు పెట్టింది.

"దీనికి అంచు ఎక్కడుందో చూపించండి అమ్మమ్మా!"

నవ్వాను. పెరట్లోంచి కొబ్బరాకు తెప్పించాను. మూడుసార్లు అల్లాను... మూడుసార్లూ చివరి పాయ దగ్గర ఆగిపోయాను. చివరికి దారంతో కట్టాను. కడుతూనే జరిగిందంతా మనవరాలికి చెప్పాను. ఒక మనిషికి చెప్పడం అదే మొదలు.

"మరి సారీ చెప్పలేదా?" అంది. లేదన్నాను. అది ఆ ఉండను రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని వెళ్లింది.

ఇప్పుడు కొట్లో రంగు సంచులు దొరుకుతున్నాయి. గుండ్రటిదైనా, వంకరదైనా అందులో వేసేస్తే సరి... చుట్టడానికి ఎవరూ ఏడవక్కర్లేదు, ఎవరూ పెరట్లోంచి రానక్కర్లేదు.

మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఎవరికైనా ఆ తోక అల్లిక వస్తే, చివరి పాయను ఎటు తిప్పి ఎక్కడ దోపాలో దయచేసి చెప్పండి. చేతులు కనిపించేలా వీడియో తీసి పెడితే మరీ మేలు... ముందు చాప మీద కూర్చుని చూస్తాను.