దొరలు వచ్చేదాకా ఆగమన్నాను

దయ్యాలు లేవని చెప్పడం ఒకప్పుడు నా ఉద్యోగం. మిషన్ తరఫున ఇరవయ్యేళ్ళకు పైగా బైబిలు స్త్రీగా పనిచేశాను. ఏలూరు నుంచి వెళ్ళి కొల్లేటి లంకల్లో ఇంటింటికీ తిరుగుతూ, జ్వరమొస్తే తాయెత్తు కట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. బైబిల్లో మాత్రం దయ్యాలు లేవా అని ఎవరైనా ఎదురడిగితే, అవి ఆ దేశానివి, ఇక్కడిదాకా రావు అనేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. నా వరకు జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడెనిమిదేళ్ళకు, అమెరికా నుంచి ఒక సంఘం వాళ్ళు నెల్లాళ్ళ కోసం వస్తున్నారని కబురొచ్చింది. ఇక్కడే ఉండిపోయే మిషనరీలు కారు. మా పని చూసి, నాలుగు ఊళ్ళలో ప్రసంగించి, మళ్ళీ ఓడెక్కేవాళ్ళు. అక్టోబరులో రావలసింది. కాగితాలు ఆలస్యమై, తర్వాత ఓడ ఆలస్యమై, చివరికి ఫిబ్రవరిలో దిగారు. నలుగురు దొరలు, ఇద్దరు దొరసానులు.

వాళ్ళు వచ్చేదాకా లంకలో బాప్తిస్మాలు ఆపమన్నారు మా పాస్టరు అయ్యగారు. అతిథుల కళ్ళెదుట, వాళ్ళ చేతుల మీదుగా జరిగితే బాగుంటుందని ఆయన ఉద్దేశం. ఆయన చెడ్డవారు కారు. నాకూ అది గొప్పగానే తోచింది. దొరలకు చూపించడానికి ఇంతమందిని సిద్ధం చేశానని లోపల కాస్త మురిసిపోయాను కూడా.

ఆ ఆగినవాళ్ళలో పెద్దింట్లు ఒకతె. చేపలు పట్టే సోమయ్య భార్య. ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. నేను చెప్పే కథలన్నిటిలో ఆమెకు హాగరు కథ ఒక్కటే పట్టింది. అబ్రాహాము ఇంట్లో దాసి, పిల్లాడితో సహా అడవిలోకి వెళ్ళగొట్టబడ్డ మనిషి. బాప్తిస్మంలో కొత్త పేరు పెట్టుకోవాలి కదా, ఏం పేరు కావాలని అడిగితే ఆ పేరే కావాలంది.

"అదేం పేరు? మార్తమ్మ అనో రాహేలు అనో పెట్టుకో" అన్నాను.

"వద్దండమ్మగారూ. ఆవిణ్ణి అందరూ పొమ్మన్నా దేవుడు పేరెట్టి పిలిచాడు కదండీ. నాకదే పెట్టండి."

చూద్దాంలే అన్నాను. అయ్యగారు నవ్వుతారని ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

సోమయ్య నీ ఇష్టం అన్నాడు గానీ అత్తగారు ఊరుకోలేదు. నీ కుండ వేరు, నీ పొయ్యి వేరు అని వంటింట్లోంచి బయట పెట్టింది. పెద్దింట్లు దోనె తానే నడుపుకుంటూ మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది. సెప్టెంబరులో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి, క్రిస్మస్‌కు ఒకసారి. "అటూ కాకుండా ఇటూ కాకుండా ఉన్నానండీ, తొందరగా కానిచ్చెయ్యండి" అంది. మూడుసార్లూ నేను చెప్పింది ఒకటే: దొరలు రానీ అమ్మా, ఇంకెన్నాళ్ళు.

జనవరి చివర ఆమెకు విషజ్వరం వచ్చింది. అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఉన్నాను, దొరల సభకు పందిరి పని చూస్తూ. కబురు అందేసరికి మట్టి చేసి నాలుగు రోజులైంది. మతంలో కలిసిపోయింది గనక మా మనిషి కాదని ఊరివాళ్ళు అన్నారు. బాప్తిస్మం కాలేదు గనక మన సమాధుల దొడ్డిలో కుదరదని మా పెద్దలు అన్నారు. సోమయ్య ఆమెను లంక చివర గట్టు వారన పూడ్చుకున్నాడు. విన్నాక నేను చాలాసేపు ఏడ్చాను. మర్నాడు మళ్ళీ పందిరి పనిలో పడ్డాను.

తర్వాత దొరలు వచ్చారు. ఆ నెల ఎలా గడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు నొప్పి పుడుతుంది. తణుకు, గణపవరం, గూడెం, మళ్ళీ ఏలూరు. వాళ్ళ నీళ్ళు రెండుసార్లు కాచాలి, దోమతెరలు కట్టాలి, విప్పాలి. ఒక దొరసానిగారికి విరేచనాలు పట్టుకుంటే రెండు రాత్రులు నేనే కూర్చున్నాను. నిద్ర సరిగా లేదు. అలసటలో ఏదో చూసి ఉంటావని మీరు అనకముందే చెబుతున్నాను, ఆ మాట నేనే వందసార్లు అనుకున్నాను.

లంకకు వెళ్ళిన రోజు పొద్దున్నే ఎండ బాగా కాసింది. మమ్మల్ని తీసుకెళ్ళిన దోనెల్లో ఒకటి సోమయ్యది. ఎక్కేటప్పుడు అతను నా పక్కకు వచ్చి, "ఆ గట్టు దారిలోనే కదండీ. దొరగారి చేత ఒక్క ప్రార్థన చేయించండమ్మగారూ" అన్నాడు.

అయ్యగారి వైపు చూశాను. ఆయన గడియారం చూసుకుంటున్నారు. వచ్చేటప్పుడు చూద్దాం సోమయ్యా అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా అనేశాను.

బాప్తిస్మానికి పదకొండుమంది. ఐదుగురు మగవాళ్ళు, ఆరుగురు ఆడవాళ్ళు. జాబితా నేనే రాశాను. పెద్ద దొరగారు నడుం లోతు నీళ్ళలో నిలబడ్డారు. ఒక్కొక్కరినీ అయ్యగారు ఒడ్డు నుంచి చెయ్యి పట్టి తీసుకెళ్ళారు. "నీ పేరేమి?" అని అడగడం, బాప్తిస్మం మాటలు చెప్పడం దొరగారు తెలుగులో నేర్చుకున్నారు. ఎవరి కొత్త పేరు వాళ్ళే పైకి చెప్పాలి. మొదట మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు.

నేను ఒడ్డున చాపలు కట్టిన మరుగులో ఉన్నాను. బుట్టలో ఆరు పొడి చీరలు. తడిసి వచ్చినవాళ్ళ తల తుడిచి చీర అందించడం నా పని. ఆరో మనిషి కోటమ్మ, ముసలావిడ, గడగడ వణుకుతూ వచ్చింది. ఆవిడకు చీర చుడుతుండగా ఇంకొకామె లోపలికి వచ్చింది. తల వంచుకుని ఉంది, జుట్టు మొహానికి అతుక్కుపోయి ఉంది.

బుట్టలో చూస్తే చీర లేదు. లెక్క తప్పానని నన్ను నేనే తిట్టుకుని, నా ఉన్ని శాలువా తీసి ఆమె భుజాల చుట్టూ కప్పాను. భుజం ఎముక నా అరచేతికి తగిలింది. చాలా చల్లగా ఉంది. కూర్చో అమ్మా అని, కోటమ్మ విడిచిన తడిచీర తియ్యడానికి వంగాను. లేచి చూస్తే ఆమె లేదు. శాలువా చాప మీద ఉంది. తీసి పిండితే నీళ్ళు కారాయి.

నా తర్వాత ఎవరూ రాలేదండీ అంది కోటమ్మ.

భోజనాల దగ్గర పెద్ద దొరగారు తన నోటుపుస్తకం తీసి అయ్యగారికి చూపించారు. బాప్తిస్మం పొందినవాళ్ళ పేర్లు ఆయన అక్షరాల్లో రాసుకున్నారు. పన్నెండున్నాయి. అయ్యగారు చదివి నా వైపు తిరిగారు.

"ఈ హాగరు ఎవరమ్మా?"

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను.

కోటమ్మతో అయిపోయిందని తాను ఒడ్డుకు తిరిగి పాట ఎత్తానని అయ్యగారు చెప్పారు. దొరగారు చెప్పింది వేరు. నీళ్ళలోని తుంగ దుబ్బుల వైపు నుంచి ఒక సన్నటి ఆమె తనంతట తానే నడిచి వచ్చిందట. పేరు అడిగితే హాగరు అందట. మిగతా దొరలూ దొరసానులూ కూడా పన్నెండుమందిని చూశామన్నారు. ఒడ్డున పాట పాడుతున్న మావాళ్ళంతా పదకొండే అన్నారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎవరైనా వచ్చి దిగారేమో అని తర్వాత రెండు లంకలు తిరిగి విచారించాను. అలాంటి మనిషి ఎవరూ లేరు. ఆ పేరు దొరగారికి ఎవరు చెబుతారు?

తిరుగు ప్రయాణంలో పెద్ద దొరగారు, అయ్యగారు, నేను సోమయ్య దోనెలోనే ఎక్కాం. గట్టు కనిపించగానే అతను గెడ వెయ్యడం ఆపాడు. ఏమీ అడగలేదు. పొద్దున అడిగాడు కదా. దోనె దానంతటదే మెల్లగా వెళుతోంది.

నేనిక ఆగలేకపోయాను.

"సోమయ్యా, పెద్దింట్లుకు ఇవాళ బాప్తిస్మం అయింది."

ఎలా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. నా వైపు తిరిగాడు.

"అయితే దానికి సిలువ పెట్టుకోవచ్చాండీ?"

అయ్యగారు మాకు వీపు తిప్పి కూర్చుని ఉన్నారు. ఇప్పుడు కోప్పడతారు, అబద్ధాలాడకు అంటారు అనుకున్నాను. ఆయన ఇటు తిరగకుండానే అన్నారు:

"పెట్టుకో సోమయ్యా. దోనె ఒడ్డుకు పట్టు."

దిగాం. మట్టి ఇంకా కొత్తగానే ఉంది. దొరగారు టోపీ తీసి, ఎండలో నిలబడి, వాళ్ళ భాషలో చాలాసేపు ప్రార్థన చేశారు. సోమయ్య చేతులు కట్టుకుని నేల వైపే చూస్తున్నాడు. అయిపోయాక దొరగారు నా వైపు తిరిగి, ఈ సమాధి ఎవరిది అని ఇంగ్లీషులో మెల్లగా అడిగారు.

ఆయన చొక్కా చేతులు ఇంకా పూర్తిగా ఆరలేదు. పెద్దింట్లు అని పాత పేరే చెప్పాను. పాపం, అని తల ఊపి ఆయన దోనె ఎక్కారు. మరి పది రోజులకు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు.

సంఘం రిజిస్టరులో అయ్యగారు పదకొండు పేర్లే రాశారు. ఆ తర్వాత బాప్తిస్మం కావాలన్నవాళ్ళెవరినీ ఆయన ఆగమనలేదు, నేనూ అనలేదు. ఆ రోజు గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆయన పోయి చాలాకాలమైంది. దోనెలో సోమయ్యకు నేను చెప్పింది నిజమో, నా మనసు బరువు దించుకోవడానికి ఆడిన అబద్ధమో, ఈ వయసులో కూడా తేల్చుకోలేకుండా ఉన్నాను.