చెవిలో రికాబి

తొమ్మిదో తరగతికి చెవి పాఠం చెప్పేటప్పుడు ఆ మూడు మాటల్నీ ఒక్క ఊపిరిలో అనేసేదాన్ని: కూటకం, దాగలి, అంకవన్నె. మధ్య చెవిలో ఉండే మూడు చిన్న ఎముకల పేర్లవి. కూటకం అంటే సుత్తి. దాగలి అంటే కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దిమ్మ. అంకవన్నె అంటే ఏమిటో ఏ పిల్లా అడగలేదు, నేనూ వెతకలేదు. బోర్డు మీద నత్తగుల్లలాంటి లోపలి చెవి గీసి, దాని ముందు ఆ మూడింటినీ వరసగా వేలాడదీసి, పరీక్షలో వస్తుంది రాసుకోండి అని చెప్పి ముందుకు పోయేదాన్ని. జహీరాబాద్‌లో ఇన్నేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నా, ఆ బొమ్మ గురించి నాకు నిజంగా కుతూహలం పుట్టింది మా అక్క వల్లే.

అక్కను ఝరాసంగం దగ్గరి ఊరికిచ్చారు. బావ, ఆయన తల్లి, ఇద్దరు పిల్లలు, కంది చేను, పత్తి చేను. పెళ్లికి ముందు మా అక్క నవ్వితే వీధి చివరి ఇంట్లోవాళ్లు బయటకొచ్చి చూసేవాళ్లు. రెండో కాన్పు తర్వాత ఆ గొంతు మెల్లగా దిగిపోయింది. ఏమడిగినా పక్కనున్న మనిషికి కూడా సగమే అందేలా జవాబిచ్చేది. కోడలంటే ఇట్లుండాలె, నోట్లె నాలిక లేదు అని ఊళ్లో మెచ్చుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. "ఏందే ఆ గుసగుసలు, ఎవరికి భయపడుతున్నవ్?" అని కసురుకునేదాన్ని. "నేను మంచిగనే మాట్లాడుతున్న గదనే," అనేది పాపం, ఆశ్చర్యంగా.

ఒక మధ్యాహ్నం వాళ్ల అత్తమ్మ పెరట్లో బట్టల బండ దగ్గర జారిపడింది. కోడలిని పిలిచింది. అక్క వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. మళ్లీ పిలిచింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ఫ్యాన్ కూడా తిరగడం లేదు, అయినా కోడలు రాలేదు. చివరికి గోడ అవతలి పొరుగామె పరుగెత్తుకొచ్చి లేవదీసింది. కాలికి పెద్ద దెబ్బేమీ తగల్లేదు గానీ మనసుకు తగిలింది.

అంతటితో ఆగినా బాగుండేది. కొద్ది రోజులకు అత్తాకోడళ్లిద్దరూ షేర్ ఆటోలో జహీరాబాద్ వస్తున్నారు. ఆ ఆటోల సంగతి తెలిసిందే: ఇంజన్ మోత, పాట మోత, గుంతల్లో పడ్డప్పుడల్లా రేకుల మోత, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్న జనం. వెనక సీట్లో ఒకామె ఈసారి కంది ఎట్లుందని ఎవరినో అడిగింది. ఆ చివర కూర్చున్న మా అక్క, "పూత మంచిగనే ఉండె, పురుగు వడ్డది," అని జవాబిచ్చింది. పక్కనే ఉండి ఆ మాటామంతీ చూసిన అత్తమ్మ ముఖం మాడిపోయింది.

దిగాక అడిగేసింది. "అంత మోతల పక్కనున్న నాకే ఏమీ ఇనవడలేదు, నీకెట్ల ఇనవడ్డది? ఆటోల ఇనవడే చెవు ఇంట్ల ఇనవడదా? నేను వడి ఏడుస్తుంటె నీకు నాటకమా?" అప్పట్నుంచి ఆ ఇంట్లో అక్కకు దొంగ చెవుడు అనే పేరు పడింది. పేరు ఒకసారి పడితే ఊరు దాన్ని చక్కగా నిలబెడుతుంది. బావ మంచివాడే, కానీ తల్లి ముందు నోరు విప్పే రకం కాదు.

ఆ వారమే సంతకొచ్చి మా ఇంట్లో కూర్చుని అక్క ఏడ్చింది. "నాకే సమజైతలేదు చెల్లె. ఆటోల, బజార్ల అంతా మంచిగ ఇనవడ్తది. ఇంట్లకు రాంగనే అందరు నోరు కదిపినట్లనే ఉంటది. నేనే నాటకం ఆడుతున్ననేమో అనిపిస్తుంది." నాకు మొదట కోపమొచ్చింది. వెంటనే ఆటో ఎక్కి ఆ అత్తమ్మతో తేల్చుకుందామనుకున్నాను. తర్వాత పంతులమ్మ బుద్ధి మేల్కొంది. చెవిటి మనిషికి మోతలో బాగా వినబడటమేమిటి?

మర్నాడు బడి ల్యాబు నుంచి శృతిదండం అడిగి తెచ్చాను. రెండు కాళ్లున్న ఇనుప కడ్డీ అది, కొడితే జుమ్మంటుంది. భౌతికశాస్త్రం సారు అదెందుకమ్మా అంటే మా అక్కకు సంగీతం నేర్పిస్తానన్నాను. కడ్డీని అరచేతి అంచుకు కొట్టి, కాడను అక్క చెవి వెనక ఎముక మీద ఆనించాను. "ఇనవడ్తుంది," అంది. మోత ఆగిపోయిందన్నప్పుడు కడ్డీని తీసి చెవి ముందు పట్టుకున్నాను. ఏమీ లేదని తల ఊపింది. అదే పని నాకు చేసుకున్నాను. నాకు ఎముక మీద ఆగిపోయిన మోత చెవి ముందుకు తేగానే మళ్లీ వినిపించింది. పాఠంలో అలాగే ఉంటుంది, అందరికీ అలాగే ఉండాలి. అక్కకు తలకిందులుగా ఉంది. ఎముక దారిన పోతే లోపలికి వినబడుతోంది, గాలి దారిన పోతే మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది.

ఆ మధ్య అంటే నేను బోర్డు మీద వేలాడదీసే మూడు ఎముకలే. వాటి గురించి దొరికిందల్లా చదివాను. లోపలి చెవి నిండా నీళ్లు. బావిలో మునిగిన మనిషిని గట్టు మీద నుంచి పిలిస్తే ఏం వినబడుతుంది? గాలిలో వచ్చిన శబ్దం నీటిని తాకి చాలావరకు వెనక్కి పోతుంది. అందుకే మధ్యలో ఈ ముగ్గురు. సుత్తి పిడి కర్ణభేరికి అంటుకుని ఉంటుంది. భేరి అదిరితే సుత్తి కదులుతుంది, సుత్తి దాగలిని కదుపుతుంది, దాగలి అంకవన్నెను కదుపుతుంది, అంకవన్నె అడుగు పలక లోపలి చెవి కిటికీలో ముందుకీ వెనక్కీ ఆడుతూ నీటిని తోస్తుంది. వెడల్పాటి భేరి మీద పడిన అదురంతా చివరికి ఆ చిన్న పలక మీదికే చేరుతుంది గనుక తోసే బలం పెరుగుతుంది. ఒకే బరువుతో అరచేత్తో నొక్కడానికీ వేలి కొనతో పొడవడానికీ ఉన్న తేడా అది.

ఆ అంకవన్నె జొన్నగింజంత కూడా ఉండదు. ఒంట్లో అంతకన్నా చిన్న ఎముక లేదు. పుట్టిన బిడ్డకు మిగతా ఎముకలన్నీ పెరగాలి, ఈ మూడు మాత్రం దాదాపు పెద్దవాళ్లకున్నంత సైజుతోనే వస్తాయి. ఇంకో వింత, సుత్తి, దాగలి ఒకప్పుడు బల్లుల్లాంటి పూర్వ జంతువులకు దవడ ఎముకలట. కాలం గడిచేకొద్దీ నమలడం మానేసి వినడానికి చేరాయి. ఇది చదివి చాలాసేపు నా దవడ కదుపుతూ చెవి ముందు వేలు పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన నాకు పంటినొప్పి అనుకున్నాడు.

అక్క గొంతు ఎందుకు దిగిందో కూడా అప్పుడే తెలిసింది. చెవుల్లో వేళ్లు పెట్టుకుని మాట్లాడి చూడండి. మీ గొంతు మీకే కుండలో మోగినట్టుంటుంది. బయటి దారి మూసుకుపోయిన మనిషికి సొంత గొంతు ఎముకల్లోంచి పెద్దగా వినబడుతుంది, అందుకని ఆ మనిషి మెల్లగా మాట్లాడుతుంది. ఊరంతా మెచ్చుకున్న మర్యాద అదన్నమాట. నాకు నవ్వొచ్చింది, దుఃఖమూ వచ్చింది.

జహీరాబాద్‌లోనే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. బావ వచ్చాడు. అత్తమ్మ కూడా వచ్చింది, కోడలి నాటకం డాక్టరు నోటితోనే బయటపడుతుందని. చిన్న గదిలో చెవులకు డిప్పలు పెట్టి, వినబడినప్పుడల్లా బటన్ నొక్కమని పరీక్ష చేశారు. డాక్టరు కాగితం చూసి అత్తమ్మకే చెప్పాడు. ఆయన మాటలో ఉర్దూ కలగలిసి ఉంటుంది. "అమ్మా, గుర్రమెక్కెటోళ్లు కాలు పెడ్తరు సూడు, రికాబ్, గట్లాంటి సన్న బొక్క, ఎముక, ఉంటది చెవుల. గా బొక్కనే జామైంది. కదలాలె, కదుల్తలేదు. మీ కోడలు నాటకం ఆడ్తలేదు."

"మరి ఆటోల?" అంది అత్తమ్మ.

"ఆటోల అందరు గట్టిగ మాట్లాడ్తరు గదా. ఇంజన్ మోత ఈమెకు లోపటికి పోదు, మనుషుల గొంతు పోతది. ఇంట్ల మీరంత మెల్లగ మాట్లాడ్తరు, గది పోదు. ఫికర్ చెయ్యకున్రి, ఆపరేషన్ ఉన్నది."

అత్తమ్మ తలూపింది. నేను గెలిచామనుకున్నాను. కానీ ఊళ్లో దిగగానే ఆమె పొరుగామెకు చెప్పిన మాట ఇది: "మా కోడలు చెవుల రికాబి ఇరుక్కున్నదంట." మా వైపు రికాబి అంటే చాయ్ పోసుకుని తాగే సాసరు. పొరుగామె అక్క చెవిలోకి వంగి చూసింది. అంత పెద్దది ఎట్ల వొయ్యింది లోపటికి, చిన్నప్పుడు పెట్టుకున్నదా అని అత్తమ్మను ఎప్పటిలాగే కేకేసి అడిగింది. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. "రికాబి కాదు అత్తమ్మా, రికాబ్!" అన్నాను. "గదే గదనే పంతులమ్మా నేనంటున్న, రికాబి!" అంది. వారం తిరిగేసరికి ఊరందరి నోటా అక్క చెవిలో సాసరుంది. అలాంటిదుంటుందని ఎవరూ నమ్మరు గనుక, దొంగ చెవుడు ఎక్కడికీ పోలేదు. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే, అంకవన్నె అంటే రికాబేనని తేలింది. ఇన్నేళ్లు పిల్లలకు చెప్పిన మాటకు అర్థం ఆ డాక్టరు గుర్రం మీద తెచ్చిచ్చాడు.

ఆపరేషన్‌కు హైదరాబాద్ పోవాలి. బిగుసుకున్న అంకవన్నెను తీసి సన్నని కడ్డీ ఒకటి దాగలికి తగిలిస్తారు. ఎప్పుడో ఒకరికి ఉన్న కాస్త వినికిడి కూడా పోవచ్చని, చెవి మిషన్ పెట్టుకుని కూడా నెట్టుకురావచ్చని అక్కడి డాక్టర్లు దాచకుండా చెప్పారు. బావ భయపడ్డాడు, నేనూ భయపడ్డాను. ఎప్పుడూ గుసగుసలాడే అక్క ఆ రోజు తలెత్తి అంది, "మిషన్ పెట్టుకుంటె గదీ నాటకమే అంటరు. పోతె మొత్తం పోనీ. దొంగదాన్ని అనిపిచ్చుకుంట బతకను నేను." 

చెవి వరకే మత్తిచ్చి చేశారు. లోపల జరిగింది అక్కే తర్వాత చెప్పింది. కడ్డీ తగిలించాక డాక్టరు మెల్లగా, వినబడుతోందా అమ్మా అని అడిగాడట. "అట్ల ఒర్రుతరేంది సారూ, మెల్లగ మాట్లాడున్రి," అందట మా అక్క. అక్కడున్న నర్సులు కూడా నవ్వారట.

చెవిలో పెట్టిన దూది తీసి, తల తిరగడం తగ్గి, మనిషి నిలదొక్కుకున్నాక నేనే ఊరికి దిగబెట్టి వచ్చాను. దారిలో ఆటో మోతకు చెవి మూసుకుని కూర్చుంది. ఇంట్లో అన్నీ వింతే. గిన్నె పెడితే ఉలిక్కిపడింది. రొట్టె తడుతున్న తన చేతి చప్పుడుకే ఆగి, మళ్లీ తట్టి వింది. ఇప్పుడు తన గొంతు తనకు మోగడం లేదు గనుక మాట పెద్దగా వస్తోంది, పెళ్లికి ముందులాగ. అత్తమ్మ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఈమె ఏమంటుందోనని నేను గొడవకు సిద్ధంగానే ఉన్నాను.

వంటింట్లోంచి అక్క కేకేసింది. "అత్తమ్మా, చాయ్ తాగుతరా?"

అత్తమ్మ చటుక్కున తిరిగింది. కోడలిని చూసింది, నన్ను చూసింది. "తాగుత," అంది. కొంగు సర్దుకుని, "ఇన్నొద్దులకు అడిగినవ్," అంది.

అక్క గుమ్మంలోకి వచ్చింది. "రోజు అడిగిన అత్తమ్మా. మీరే జవాబియ్యలే."

"ఎప్పుడడిగినవ్?"

"రోజు. గిక్కడ్నే నిలవడి."

ముసలామె చెయ్యి తన చెవి దగ్గరికి పోయి ఆగింది. పొరుగామె కేకలు, డాక్టరు రికాబ్, ఆటోలో పక్కనే కూర్చున్నా అందని మాట, ఇవన్నీ నాకు అప్పుడు గానీ ఒక్కచోటికి రాలేదు. నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమెను చూస్తే ఏడుపొచ్చింది.

"నీ మాట నాకు ఎన్నేండ్ల సంది ఇనవడ్తలేదు బిడ్డా," అంది అత్తమ్మ. "చెప్పుకోనీకి సిగ్గయింది. నువ్వే నాతోని మాట్లాడుడు బంజేసినవనుకున్న."

"నేనూ గట్లనే అనుకున్న అత్తమ్మా," అంది అక్క, ఆమెకు వినబడేంత గట్టిగా.